‘నాట్ గిల్టీ’ అంటే అబద్ధం చెప్పడం కాదు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నా వయసు ఇరవై నాలుగు. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం ఉత్తరాన ఒక చిన్న కాలేజీ ఊళ్ళో ఎం.ఎస్. చదువుతున్నాను. వచ్చి ఏడాదిన్నర అయింది. మూడు వారాల కిందట ఒక పెద్ద షాపులో, మనమే స్కాన్ చేసుకునే కౌంటర్ దగ్గర, కొన్ని వస్తువులు స్కాన్ చేయకుండా సంచిలో వేసుకున్నాను. పొరపాటున కాదు, కావాలనే. వాటి ధర మొత్తం 168 డాలర్లు. తలుపు దగ్గర ఆపి వెనక గదిలో కూర్చోబెట్టారు. ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. మళ్ళీ ఆ షాపులో అడుగు పెట్టకూడదని ఇంకో కాగితం ఇచ్చారు. పోలీసు వచ్చాడు కానీ బేడీలు వేయలేదు. కోర్టుకు రమ్మని సమన్లు చేతిలో పెట్టి పంపేశాడు. ఇంకా పందొమ్మిది రోజులు ఉంది. మొన్న షాపు తరఫున ఒక లా ఆఫీసు నుంచి డబ్బు కట్టమని ఉత్తరం కూడా వచ్చింది.

రూమ్మేట్ ఏమో, “గిల్టీ అని చెప్పి ఫైన్ కట్టేస్తే ఎస్.ఐ.ఎస్. ఇస్తారు, రికార్డే ఉండదు” అంటున్నాడు. డల్లాస్‌లో ఉన్న సీనియర్ అక్కడి తెలుగు లాయరుతో మాట్లాడతానంటున్నాడు. ఈ ఊళ్ళో మూడే లాయరు బోర్డులు ఉన్నాయి, అందులో ఒకటి ప్రాసిక్యూటర్‌దే. అయినా నేను చేసింది తప్పే కదా, లాయరును పెట్టుకుని కాదని వాదించడం ఇంకో తప్పు కాదా? నాన్న రెండెకరాలు తాకట్టు పెట్టి పంపారు. ఆయనకు చెప్పాలా వద్దా? వారం రోజులుగా క్లాసులకు కూడా వెళ్ళడం లేదు.

— పేరు వేయవద్దు

జవాబు: పేరు వేయలేదు. ఊరు, కౌంటీ పేర్లు కూడా నీ ఉత్తరంలో ఉన్నవి తీసేశాను. మా చిన్నబ్బాయి వయసువాడివి కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు. నేను ఈ దేశంలో న్యాయవాదినే కానీ నా లైసెన్సు వేరే రాష్ట్రానిది. అందువల్ల ఇక్కడ చదివేది నీకు దారి చూపడానికి పనికొస్తుంది కానీ నీ పక్కన నిలబడే మనిషికి బదులు కాదు.

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది తప్పొప్పుల గురించి అడిగిన ప్రశ్న. తప్పు చేశాను కదా, కాదని ఎలా అనను అన్నావు. ఇలా అడిగేవాళ్ళు తక్కువ. కానీ ఈ నిజాయితీయే నిన్ను కోర్టులో ముంచే ప్రమాదం ఉంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

‘నాట్ గిల్టీ’ అనే మాటను మనం తెలుగులో ‘నేను నిర్దోషిని’ అని అనువదించుకుంటాం. సినిమా కోర్టులన్నీ మనకు నేర్పింది అదే. అలా అనువదించుకోగానే అది భగవద్గీత మీద చేయి పెట్టి అబద్ధం ఆడినట్టు అనిపిస్తుంది. అసలు ఆ మాటకు అక్కడ ఉన్న అర్థం వేరు: ‘ఈ ఆరోపణను రుజువు చేసే బాధ్యత ప్రభుత్వానిది, నేను ఇంకా దేనికీ సంతకం పెట్టడం లేదు’ అని. మొదటి వాయిదాలో చాలామంది అదే చెబుతారు, జడ్జికి కూడా అది కొత్త కాదు. నువ్వు ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పడం లేదు. చేసిన తప్పుకు మనసులో బాధపడటం, దానికి పరిహారం చెల్లించడం, అవసరమైతే కౌన్సెలింగ్ క్లాసుకు వెళ్ళడం, ఇవన్నీ తర్వాత కూడా చేయవచ్చు, చేయాలి కూడా. వాటికీ, ఏ సెక్షన్ కింద ఏ మాట రికార్డులో పడుతుందో తెలియకుండా ‘గిల్టీ’ అనడానికీ సంబంధం లేదు. 168 డాలర్ల తప్పుకు ఎంత శిక్ష పడాలో అంతే పడాలి. దేశం వదిలి వెళ్ళాల్సి రావడం ఆ తప్పుకు తూగే శిక్ష అని నేను అనుకోను. లాయరు చేసే పని ఆ రెంటినీ వేరు చేయడమే.

ఇక రూమ్మేట్ సలహా. పాపం, మంచి ఉద్దేశంతోనే చెప్పాడు. ఇక్కడ పుట్టిన కుర్రాడికైతే అది నిజంగా మంచి సలహా కూడా. ఎస్.ఐ.ఎస్. అంటే నేరం ఒప్పుకున్నా శిక్ష ప్రకటించకుండా పక్కన పెట్టి, కొంతకాలం ప్రొబేషన్‌లో, అంటే కోర్టు షరతుల కింద, ఉంచడం. ఆ కాలం సవ్యంగా గడిస్తే మిస్సోరీ చట్టం దాన్ని శిక్ష పడిన కేసుగా లెక్కించదు, ఫైలు కూడా బయటివారికి కనబడకుండా మూసేస్తారు. కానీ వలస చట్టం కేంద్రానిది. 1996లో ఇక్కడి పార్లమెంటు, అంటే అమెరికా కాంగ్రెస్, ఆ చట్టంలో ‘కన్విక్షన్’ అనే మాటకు సొంత నిర్వచనం రాసుకుంది. నేరం ఒప్పుకుని, దాని మీద జడ్జి ఏదో ఒక రకమైన శిక్షో ఆంక్షో విధిస్తే చాలు, తీర్పు ప్రకటించకపోయినా వాళ్ళ లెక్కలో శిక్ష పడినట్టే. ప్రొబేషన్ కూడా ఆంక్షే. అంటే కోర్టు మెట్లు దిగేటప్పుడు మిస్సోరీ దృష్టిలో నీ పలక తుడిచేసినట్టు, వాషింగ్టన్ దృష్టిలో దాని మీద చెక్కినట్టు. జడ్జి మోసం చేయడు, ప్రాసిక్యూటర్ మోసం చేయడు. వాళ్ళు నిజంగానే నీకు మేలు చేశామనుకుంటారు.

నీ కేసులో ఇంకో చిక్కుంది. సమన్ల మీద రాసిన అంకె చూడు. మిస్సోరీలో 150 డాలర్ల లోపు దొంగతనం, అంతకుముందు అలాంటి కేసు లేకపోతే, ‘డి’ తరగతి మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరం. దానికి జైలు లేదు, జరిమానా మాత్రమే, గరిష్ఠంగా 500 డాలర్లు. 150 దాటితే ‘ఎ’ (A) తరగతి. దానికి గరిష్ఠంగా ఏడాది జైలు, 2,000 డాలర్ల జరిమానా. 750 దాటితే అది ఫెలొనీ, అంటే పెద్ద నేరం, వేరే ప్రపంచం. నువ్వు 18 డాలర్ల తేడాతో ఆ ‘ఎ’ తరగతిలో పడ్డావు. మొదటిసారి పట్టుబడిన విద్యార్థిని ఏ జడ్జీ ఏడాది జైల్లో పెట్టడు, అది నాకూ తెలుసు. కానీ వలస చట్టం నీకు ఎంత పడిందో చూడదు, ఎంత పడే అవకాశం ఉందో చూస్తుంది. దేశంలోకి వచ్చిన ఐదేళ్ళలోపు చేసిన ‘నైతిక దిగజారుడు’ నేరానికి ఒక ఏడాది లేదా అంతకు మించి శిక్ష పడే వీలుంటే బహిష్కరణకు అది చాలు. దొంగతనం సాధారణంగా ఆ కోవలోకే వస్తుంది. ఈ ఒక్క రోజు కోసమే కాలిఫోర్నియా 2015లో, న్యూయార్క్ 2019లో తమ మిస్‌డిమీనర్ల గరిష్ఠ శిక్షను ఏడాది నుంచి 364 రోజులకు కుదించుకున్నాయి. మిస్సోరీ అలా చేయలేదు.

కాబట్టి మంచి లాయరు నీ కోసం ఎన్ని సంవత్సరాల ప్రొబేషన్ అని బేరం ఆడడు. ఏ మాట రికార్డులోకి ఎక్కుతుందని బేరం ఆడతాడు. ధరల లెక్క సరిగా వేశారా, పన్ను కలిపారా అని చూసి డి తరగతికి దించగలడేమో ప్రయత్నిస్తాడు. దొంగతనం ఆరోపణకు బదులు అనుమతి లేకుండా ఉన్నందుకు పెట్టే ట్రెస్‌పాస్ లాంటిది పెట్టమని అడుగుతాడు. అన్నిటికన్నా మేలైనది డైవర్షన్: నేరం ఒప్పుకోకుండానే, ప్రాసిక్యూటర్‌తో ఒప్పందం మీద, క్లాసో సమాజసేవో పూర్తి చేస్తే కేసు ఎత్తేయడం. ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. ఆ ఒప్పందం కాగితంలో ‘ఆరోపించిన విషయాలు నిజమని ఒప్పుకుంటున్నాను’ అనే వాక్యం ఉంటే, దాని మీద కోర్టు ఆంక్ష కూడా తోడైతే, మళ్ళీ 1996 నిర్వచనంలో పడే ప్రమాదం ఉంది. ఆ ఒక్క వాక్యం కొట్టేయించడానికే లాయరుకు ఇచ్చే డబ్బు సరిపోయిందనుకో.

ఇప్పుడు అసలు కష్టం, ఆ లాయరు దొరకడం. మిస్సోరీలో 114 కౌంటీలు ఉన్నాయి. కౌంటీ అంటే మనవాళ్ళు జిల్లా అనుకుంటారు. అధికారాల్లో అంతే కానీ జనంలో కాదు. నీకు దగ్గర్లోనే ఉన్న వర్త్ కౌంటీలో ఉండేది రెండు వేల మంది. మన పల్లెల్లో ఒక పెద్ద ఊరి జనాభా కూడా కాదు. అంత చిన్న చోట కోర్టు ఉంటుంది, షెరీఫ్ ఉంటాడు, ఎన్నికైన ప్రాసిక్యూటర్ ఉంటాడు, డిఫెన్సు లాయర్లు మాత్రం ఉండరు. వీలునామాలు, పొలం రిజిస్ట్రేషన్లు, విడాకులు చూసేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు. చిన్న కౌంటీల్లో ప్రాసిక్యూటర్‌ది పూర్తికాలం ఉద్యోగం కాదు, మిగతా సమయంలో సొంతంగా సివిల్ పనులు చేసుకుంటాడు. నీకు కనబడిన మూడో బోర్డు కథ అదే. ఆ గుమ్మం తొక్కి నీ కథ చెప్పకు. నీ మీద కేసు నడిపేది ఆయనే.

నేను అమెరికా రాకముందు కొన్నాళ్ళు గుంటూరులో జూనియర్‌గా పనిచేశాను. అక్కడ కోర్టు ఆవరణలో చెట్టుకింద నిలబడితే ఐదు నిమిషాల్లో పదిమంది నల్లకోట్లు చుట్టూ మూగేవి. ఇక్కడ కోర్టు చుట్టూ పచ్చగడ్డి, ఫిరంగి బొమ్మ, నిశ్శబ్దం. మొదటిసారి చూసినప్పుడు ఇది సెలవు రోజేమో అనుకున్నాను.

కానీ నెలలో కొన్ని రోజులు అక్కడా సందడి ఉంటుంది. దాన్ని లా డే అంటారు. క్రిమినల్ కేసులన్నీ ఆ రోజు పెట్టుకుంటారు. చుట్టుపక్కల నాలుగైదు కౌంటీల నుంచి లాయర్లు ఫైళ్ళు పట్టుకుని వస్తారు. కోర్టు అందరికీ తెరిచే ఉంటుంది. సర్క్యూట్ క్లర్కు ఆఫీసుకు ఫోన్ చేసి, నీ వాయిదాకు ముందు లా డే ఎప్పుడో అడుగు. వాళ్ళు సలహా చెప్పరు కానీ తేదీలు చెబుతారు. ఆ రోజు వెళ్ళి వెనక బెంచీలో కూర్చో. ఫోన్ లోపలికి తీసుకెళ్ళనిస్తారో లేదో ముందే కనుక్కో. ఎవరు జడ్జితో గౌరవంగా, క్లుప్తంగా మాట్లాడుతున్నారో, ఎవరి క్లయింటుకు తన కేసు ఏమిటో తెలిసినట్టు కనబడుతోందో రెండు గంటలు చూస్తే తెలిసిపోతుంది. ఈ పని చేసిన క్లయింట్లను నా అనుభవంలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. చేసినవాళ్ళెవరూ చెడ్డ లాయరును ఎంచుకోలేదు.

వెళ్ళడానికి కారు లేదంటావేమో. అయితే కేస్‌నెట్ అనే వెబ్‌సైటు ఉంది. మిస్సోరీ కోర్టుల బహిరంగ రికార్డులు అందులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. (నీ కేసు కూడా నమోదయ్యాక అందులో కనబడుతుంది. రహస్యంగా ఉంటుందని అనుకోకు.) మీ కౌంటీలో రాబోయే వాయిదాల జాబితా తెరిచి, దొంగతనం కేసులు కొన్ని చూసి, ముద్దాయి తరఫున ఎవరి పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయో రాసుకో. మూడు నాలుగు పేర్లు వస్తాయి. వాళ్ళ ఆఫీసు సెయింట్ జోసెఫ్‌లోనో కాన్సస్ సిటీలోనో ఉన్నా ఫరవాలేదు. ఆ కోర్టుకు అలవాటుగా వస్తున్నారా అన్నదే ముఖ్యం. లైసెన్సు సరిగా ఉందో లేదో లాయర్ల సంఘమైన మిస్సోరీ బార్ వారి దగ్గర సరిచూసుకో.

డల్లాస్ లాయరు సంగతి. టెక్సాస్ లైసెన్సుతో మిస్సోరీ కోర్టులో నిలబడటం కుదరదు, ప్రత్యేక అనుమతి తెచ్చుకుంటే తప్ప. కానీ వలస చట్టం దేశమంతటికీ ఒకటే కాబట్టి ఇమిగ్రేషన్ లాయరు ఏ రాష్ట్రంలో ఉన్నా ఫరవాలేదు. అందువల్ల నీకు ఇద్దరు కావాలి: కోర్టులో నిలబడటానికి ఆ ప్రాంతపు మనిషి, ఫోన్‌లో గంటసేపు మాట్లాడటానికి ఇమిగ్రేషన్ తెలిసిన మనిషి. డల్లాస్ ఆయన రెండో రకమైతే, నేరాల వల్ల వచ్చే ఇమిగ్రేషన్ చిక్కులు నిజంగా చూసినవాడైతే, సంతోషంగా మాట్లాడు. హెచ్-1 కాగితాలు మాత్రమే నింపే ఆఫీసైతే వద్దు. తెలుగువాడు కావడం ఒక్కటే అర్హత కాదు.

ఆ ప్రాంతపు మనిషి అని ఎందుకు పట్టుబడుతున్నానో ఒక పాత కథ చెబుతాను. ఈ దేశంలో పేద ముద్దాయికి ప్రభుత్వ ఖర్చుతో లాయరును ఇవ్వాలన్న తీర్పు 1963లో వచ్చింది, క్లారెన్స్ గిడియన్ కేసులో. ఫ్లోరిడాలో ఒక పూల్ ఆట గదిలో చొరబడి చిల్లర డబ్బులు ఎత్తుకెళ్ళాడని కేసు. లాయరు కావాలంటే జడ్జి ఇవ్వనన్నాడు. తనే వాదించుకుని ఓడిపోయి జైల్లో పెన్సిల్‌తో సుప్రీంకోర్టుకు అర్జీ రాశాడు. గెలిచాడు. ఇంతవరకు చాలామందికి తెలుసు. ఆ తర్వాతి సంగతే నాకు ఇష్టం. మళ్ళీ విచారణ జరిగేటప్పుడు పెద్ద సంస్థ లాయర్లు సాయం చేస్తామని వస్తే గిడియన్ వద్దన్నాడు. అదే ఊళ్ళో ప్రాక్టీసు చేసే ఫ్రెడ్ టర్నర్ కావాలన్నాడు. ఊరిని, ఊరి మనుషులను ఎరిగిన టర్నర్ ప్రధాన సాక్షిని నిలదీసి, సాక్ష్యాన్ని గల్లంతు చేశాడు. 1963 ఆగస్టులో జ్యూరీ సుమారు గంటలో గిడియన్ నిర్దోషి అని తేల్చింది.

ప్రభుత్వ ఖర్చుతో ఇచ్చే లాయరు, పబ్లిక్ డిఫెండర్, నీకు దొరుకుతాడా? దరఖాస్తు చేయి. మిస్సోరీలో ఇది రాష్ట్రమంతటికీ ఒకటే వ్యవస్థ, ఒక్కో ఆఫీసు కొన్ని కౌంటీలను చూస్తుంది. ఆదాయం, బ్యాంకు నిల్వ అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు రాయి. ఇది రాజ్యాంగం ఇచ్చిన హక్కు. నగదు సాయం లాంటిది కాదు కాబట్టి తర్వాత గ్రీన్ కార్డుకు అడ్డొస్తుందని భయపడనక్కర్లేదు. అయితే ఆ హక్కు జైలు పడే అవకాశం ఉన్న కేసులకే. ప్రాసిక్యూటర్ లేచి “జైలు అడగడం లేదు” అంటే, అది నీకు శుభవార్తలా వినబడుతుంది కానీ ఆ మాటతోనే ఉచిత లాయరు చేజారవచ్చు. నీ సమన్ల మీద స్టేట్ ఆఫ్ మిస్సోరీ అని కాకుండా ఊరి పేరు ఉంటే అది మున్సిపల్ కోర్టు కేసు, వాటికి పబ్లిక్ డిఫెండర్ రాడు. ఆ సంగతి ఈరోజే చూసుకో.

పబ్లిక్ డిఫెండర్ దొరికితే తక్కువగా చూడకు. మన ఊళ్ళలో ధర్మాసుపత్రిని చూసినట్టు చూస్తారు మనవాళ్ళు. ఆ కోర్టులో అందరికన్నా ఎక్కువ కేసులు నడిపేది వాళ్ళే, ప్రాసిక్యూటర్ ఏ మాటకు మెత్తబడతాడో తెలిసింది వాళ్ళకే. వాళ్ళ ఇబ్బంది సమయం. 2016లో ఆ సంస్థ డైరెక్టర్ మైఖేల్ బారెట్ పని భారం భరించలేక, నిధులు కోసేసిన గవర్నర్ జే నిక్సన్‌నే ఒక పేద ముద్దాయికి లాయరుగా నియమిస్తూ ఉత్తరం రాశాడు. నిక్సన్ ఒకప్పుడు అదే రాష్ట్రానికి అటార్నీ జనరల్. అలా నియమించే అధికారం డైరెక్టర్‌కు లేదని కోర్టు తేల్చింది, గవర్నర్ తప్పించుకున్నాడు. ఇప్పటికీ లాయర్ల సమావేశాల్లో ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుతారు. అందుకని పబ్లిక్ డిఫెండర్ దొరికితే మొదటి మాటలోనే చెప్పు: “నేను ఎఫ్-1 విద్యార్థిని, పౌరుడిని కాను.” 2010లో సుప్రీంకోర్టు పడిల్లా కేసులో స్పష్టంగా చెప్పింది, నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేస్తారా అన్నది ముద్దాయికి చెప్పడం లాయరు బాధ్యత అని. అది కెంటకీ రాష్ట్రం నుంచి పోయిన కేసు. నలభై ఏళ్ళుగా ఇక్కడున్న మనిషికి “ఇన్నాళ్ళున్నావు, నీకేం భయం లేదు” అని లాయరు చెప్పాడట. ఆ మాట నమ్మి ఒప్పుకున్నాడు.

డబ్బిచ్చి పెట్టుకునే లాయరునైతే ఫీజు మాట్లాడే ముందు మూడు అడుగు. ఈ కౌంటీలో, ఈ జడ్జి ముందు ఎన్నిసార్లు నిలబడ్డారు? పౌరుడు కాని క్లయింటు కేసు ఎప్పుడైనా నడిపారా? ఒప్పందం కుదిరే ముందు నా ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడి, ఆయన జవాబు రాతపూర్వకంగా తీసుకుంటారా? మూడోదానికి విసుక్కున్నవాడిని వదిలేయి. కేసు తప్పకుండా కొట్టేయిస్తానని హామీ ఇచ్చినవాడిని ఇంకా త్వరగా వదిలేయి. ఇలాంటి కేసులకు సాధారణంగా గంటల లెక్క కాకుండా మొత్తంగా ఒక ఫీజు చెబుతారు. విచారణ దాకా వెళ్తే అదనం ఎంతో కూడా కాగితం మీద ఉండాలి.

షాపు తరఫున వచ్చిన ఉత్తరం వేరే సంగతి. అది సివిల్ నష్టపరిహారం అడగడం. కోర్టు కేసుతో దానికి ముడి లేదు. ఆ డబ్బు కడితే కేసు పోదు, కట్టనంత మాత్రాన జైలు రాదు. లాయరు చూసేదాకా కట్టకు, జవాబూ రాయకు.

నువ్వు రాయలేదు కానీ నీ మనసులో ఇంకో ఆలోచన ఉండే ఉంటుంది. మనవాళ్ళలో ప్రతి ఒక్కరికీ వస్తుంది: షాపు మేనేజరు దగ్గరికి వెళ్ళి, చేతులు కట్టుకుని, “తప్పయిపోయింది సార్” అంటే కరుణిస్తాడేమో అని. వెళ్ళకు. ఆ రెండో కాగితం అందుకే ఇచ్చారు. గుమ్మం దాటితే అది కొత్త నేరం. అక్కడ నువ్వు మాట్లాడే ప్రతి మాటా కెమెరాలో పడుతుంది. కేసు మొదలయ్యాక దాన్ని ఎత్తేసే అధికారం మేనేజరుకు లేదు, ప్రాసిక్యూటర్‌కే ఉంది. క్షమాపణ చెప్పాలని ఉంటే లాయరుకు చెప్పు. సరైన సమయంలో, సరైన మాటలతో, ఆయన ద్వారా వెళ్ళే ఉత్తరానికి విలువ ఉంటుంది. వెనక గదిలో పెట్టిన సంతకం సంగతి కూడా ఆయనకు మొదటి రోజే చెప్పు. దాచవద్దు. వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క ముక్క కూడా రాయకు, రూమ్మేట్‌తో సహా. లాయరుకు చెప్పింది రహస్యంగా ఉంటుంది, స్నేహితుడికి చెప్పింది ఉండదు.

కోర్టులో ఇంకో జాగ్రత్త. మనం ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే “ఆఁ... ఆఁ...” అంటూ తల ఊపుతాం. వింటున్నాను అని దాని అర్థం. జడ్జికి అది ఒప్పుకుంటున్నాను అని అర్థమవుతుంది. అర్థం కానిది అర్థం కాలేదనే చెప్పు. నీ ఇంగ్లీషు బాగానే ఉంటుంది కానీ అక్కడ కాళ్ళు వణికేటప్పుడు అది సగమై పోతుంది. దుబాసీని అడగడం నామోషీ కాదు. లాయరు లేకుండానే వాయిదా రోజు వచ్చేస్తే, వెళ్ళడం మాత్రం మానకు. మానితే వారంట్ వస్తుంది, అప్పుడు కథే మారిపోతుంది. వెళ్ళి, “లాయరును పెట్టుకోవడానికి సమయం కావాలి” అని ఒక్క వాక్యం చెప్పు. సాధారణంగా వాయిదా ఇస్తారు.

వీసా గురించి. కేసు తేలకముందే, అరెస్టు సమాచారం మీదే వీసా రద్దు చేసే అధికారం అమెరికా విదేశాంగ శాఖకు ఉంది. దొంగతనం, దాడి లాంటివాటికి వీసా రద్దు కావచ్చని 2025 జూలైలో భారత్‌లోని అమెరికా రాయబార కార్యాలయం బాహాటంగానే హెచ్చరించింది. వీసా రద్దు చేశామని మెయిల్ వచ్చినా వెంటనే సామాను సర్దుకోనక్కర్లేదు. పాస్‌పోర్టులోని వీసా వేరు, ఇక్కడ చదువుకునే స్టేటస్ వేరు. మొదటిది పోయినంత మాత్రాన రెండోది దానంతట అదే పోదు. కానీ బయటికి వెళ్తే తిరిగి రావడం కష్టం. కాబట్టి ఇమిగ్రేషన్ లాయరు చెప్పేదాకా ఇండియా టికెట్ కొనకు, ఎవరి పెళ్ళయినా సరే. రేపు ఏ దరఖాస్తులోనైనా ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అన్న ప్రశ్న వస్తుంది. ఫైలు మూసేసినా దానికి సొంతంగా ‘లేదు’ అని టిక్కు పెట్టకు. అసలు తప్పు కన్నా ఆ టిక్కు ఎక్కువమందిని ముంచింది. సమన్లు ఇచ్చి పంపడం అరెస్టు కిందికి వస్తుందా అన్నది లాయరు చూసి చెప్పాల్సిన మాట.

అందుకే క్లాసులు మానేయడం నాకు కోర్టు కేసు కన్నా భయం కలిగించింది. పూర్తికాలం చదవడమే నీ స్టేటస్‌కు ఆధారం. అది జారితే ఏ లాయరూ పట్టుకోలేడు. 2025 జనవరిలో వచ్చిన లేకెన్ రైలీ చట్టం, కాగితాలు లేనివాళ్ళు చిన్న దొంగతనం కేసులో పట్టుబడినా నిర్బంధంలో ఉంచాలని చెబుతోంది. నువ్వు కాగితాలు ఉన్నవాడివి. ఉన్నవాడిగానే ఉండు. రేపు ఉదయం క్లాసుకు వెళ్ళు, ముందు బెంచీలో కాకపోయినా. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసువాళ్ళు మంచివాళ్ళే అయినా నీ లాయర్లు కారు. వాళ్ళకు ఏం చెప్పాలో లాయరుతో మాట్లాడాక నిర్ణయించుకో.

నాన్నగారికి చెప్పు. నా మాట ఇదే. కానీ ఈ రాత్రి కాదు. లాయరు పేరు, ఫీజు, వాయిదా తేదీ చేతిలో ఉన్నాక చెప్పు. అప్పుడు ఆయనకు నువ్వు చెప్పేది “ఇలా జరిగింది, ఇలా చేస్తున్నాను” అవుతుంది. ఇప్పుడు చెబితే “ఇలా జరిగింది” దగ్గర ఆగిపోతుంది, ఆ మిగతా భాగం ఆయన రాత్రంతా ఊహించుకుంటాడు. మరీ ఆలస్యం చేయవద్దు. మీ కాలేజీలో మీ ప్రాంతపు పిల్లలు ఇంకొందరు ఉండే ఉంటారు. ఈ కబురు మీ ఇంటికి పక్క ఇంటి నుంచి చేరకూడదు. అమ్మ కూడా పక్కనే ఉన్న వేళ చూసి చేయి. పొలం సంగతి నువ్వు ఎత్తకు, ఆయన ఎత్తితే విను. తిడితే కూడా విను.

సమన్ల కాగితం రెండు వైపులా ఫోటో తీసుకో. అసలు కాగితం లాయరుకు తప్ప ఎవరి చేతికీ ఇవ్వకు. తేదీ కింద సమయం, గది నంబరు ఉన్నాయో లేదో చూడు. లేకపోతే సోమవారం పొద్దున్నే క్లర్కు ఆఫీసుకు ఫోన్ చేసి, లా డే ఎప్పుడో అడిగేటప్పుడే అది కూడా అడుగు.